తాలు పారెయ్యొద్దు

ప్రత్తిపాడు దాటి గుంటూరు రోడ్డెక్కగానే ఎడమచేతి వైపు త్రినాథ్ మిరప షెడ్డు వస్తుంది. ఆ షెడ్డులో ఇరవై ఆరేళ్లుగా శివపార్వతి మాటకు ఎదురు లేదు. త్రినాథ్ వాళ్ల నాన్న ఉన్నప్పుడూ లేదు, త్రినాథ్ చేతికి వచ్చాకా లేదు. ఆమె ముఠా మేస్త్రి. పన్నెండుమంది ఆడవాళ్లు ఎర్రటి రాశి చుట్టూ కూర్చుని మంచికాయ ఒకవైపు, తెల్లమచ్చ పడిన తాలుకాయ ఒకవైపు ఏరుతుంటే, ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని వాళ్ల వెనక తిరుగుతుంది. పొరపాటున తాలు ఒకటి మంచికాయల్లో కలిసిందంటే నిలబడ్డ చోటి నుంచే పట్టేస్తుంది. "జానీబీ, నీ మోకాలి దగ్గర" అంటుంది, అంతే. జానీబీ వెతికితే ఉండి తీరుతుంది. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారైనా ఈమె మాట తప్పయితే చూడాలని జానీబీకి కోరిక. అది తీరలేదు.

ఆ షెడ్డు నుంచి బయటికి పోయే ప్రతి మిరప టిక్కీకి, అంటే కాయ తొక్కి నోరు కుట్టేసిన గోనెకు, ఒక చీటీ కడతారు. కాయ రకం, తేదీ, దాని కింద "గ్రేడింగు: శివపార్వతి ముఠా". గుంటూరు యార్డులో ఆ చీటీ చూస్తే గోనె కోసి చూడకుండానే కొనేస్తారని ప్రతీతి. ఎవరైనా ఆ మాట చెబితే శివపార్వతి సరిగా వినబడనట్టు మొహం పెట్టి రెండోసారి చెప్పించుకుంటుంది.

ఈ ఏడు కాయ దిగుతున్న రోజుల్లోనే షెడ్డుకి మిషను వచ్చింది. గుంటూరు కుర్రాడు ముదస్సిర్, ఇంజనీరింగు చదివి ఉద్యోగానికి పోకుండా సొంతంగా తయారుచేశాడు. కాయలు బెల్టు మీద పోతుంటాయి. పైన కెమెరా చూస్తుంది. పక్కనున్న కంప్యూటరు ఏది మంచిదో ఏది తాలో తేలుస్తుంది. తాలైతే గాలి గొట్టం దాన్ని ఉఫ్‌మని అవతలి కుప్పలోకి ఊదేస్తుంది. పన్నెండుమంది రోజంతా చేసే పని అది రెండు గంటల్లో చేసి, ఇంకా ఉందా అన్నట్టు నిలబడింది.

త్రినాథ్ చెడ్డవాడేం కాదు. చెడ్డవార్త చెప్పేటప్పుడు ఎదుటివాళ్ల మొహం చూడలేని రకం, అంతే. అందుకని బెల్టు వైపు చూస్తూ చెప్పాడు.

"పార్వతక్కా, ముఠాలో ఎవర్నీ తీసెయ్యట్లేదు. తొడిమలు తీసిన కాయకి గిరాకీ ఉంది, అందరూ ఆ పనిలోకి పోతారు. చూసే పని ఇంక మిషనుదే. దాని దగ్గర మా బావమరిది కోటేష్ ఉంటాడు. నువ్వు కూడా... తొడిమల్లో కూర్చో."

శివపార్వతి రెండు చేతులూ అతని మొహం ముందు చాపింది. ఇరవై ఆరేళ్ల మిరప ఘాటుకి కమిలి, కణుపులు వాచి, సగానికి మించి ముడుచుకోని వేళ్లు.

"ఈ వేళ్లతో తొడిమ ఊడుద్దా బాబూ? నాకున్నది కళ్లు. అయ్యే నువ్వు వద్దంటున్నావు."

త్రినాథ్ మళ్లీ బెల్టు వైపు తిరిగాడు.

"అయితే మిషను దగ్గర నేనుంటా" అంది ఆమె. అనేదాకా ఆమెకే తెలియదు, ఆ మాట అనబోతున్నట్టు.

కోటేష్ ఫక్కున నవ్వాడు. వాడు డిగ్రీ పాసయ్యాడు, పైగా ఫోనులో తుపాకీ ఆటలు ఆడతాడు కనక కంప్యూటర్ల సంగతి తనకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదని వాడి నమ్మకం. "పిన్నీ, అది టీవీ రిమోటు అనుకుంటున్నావా? లోపల దాన్ని నడిపించేది లినక్సు. మామూలు కంప్యూటర్ కాదు, నల్లతెర మీద అంతా రాసి చెప్పాలి. నాకే ఇంకా చెయ్యి తిరగలా."

"నీకే తిరగలేదంటే ఇద్దరం ఒకచోటే ఉన్నాంగా" అంది శివపార్వతి.

ముదస్సిర్ మధ్యలోకి వచ్చాడు. "నేర్చుకోనివ్వండి త్రినాథ్ గారూ. నా పాత లాప్‌టాప్ ఇస్తాను, అందులో కూడా ఇదే లినక్సు. పాడైనా నష్టం లేదు." త్రినాథ్‌కి ఆ గడ్డు నిమిషం నుంచి బయటపడే దారి దొరికింది. ఇరవై రోజులు గడువిచ్చాడు. నేర్చుకుంటే మిషను ఆమెది, లేకపోతే కోటేష్‌ది. ఆమె ఇంటికి.

రోజూ ఒంటిగంటకు అందరూ అన్నం కారియర్లు విప్పేవేళ శివపార్వతి కాటా గదిలో లాప్‌టాప్ ముందు కూర్చునేది. ముదస్సిర్ వారానికి రెండుసార్లు వచ్చేవాడు, మిగతా రోజుల్లో ఫోనులో చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఆమె కొడుకు పదో తరగతిలో వదిలేసిన లెక్కల పుస్తకంలో రాసుకునేది. ఎల్లెస్ అంటే గంపలో ఏముందో చూడటం. సీడీ అంటే ఇంకో గంప దగ్గరికి పోవటం. ఎంవీ అంటే ఇక్కడిది తీసి పక్కన పోయటం. ఆరెం అంటే దిబ్బలో పారెయ్యటం. అంతా ఈ షెడ్డు పనే, పేర్లే ఇంగ్లీషు, అనుకుంది.

రెండో రోజే ఫోను చేసింది. "నాయనా, కీబోర్డు చచ్చింది. పాస్‌వర్డు కొడుతుంటే తెర మీద ఒక్క అక్షరం కూడా పడట్లా. గంట నుంచీ కొడుతున్నా."

ముదస్సిర్ నవ్వు ఆపుకున్నాడు. "పడుద్దమ్మా, కనబడదంతే. పక్కనోళ్లు చూడకుండా అట్టా పెట్టారు. నమ్మి కొట్టి, ఎంటర్ నొక్కండి."

నమ్మి కొట్టింది. తలుపు తెరుచుకుంది. ఆ నమ్మటానికి ఆమెకు పట్టిన గంటసేపట్లో కీబోర్డు తయారుచేసినవాడి ఏడు తరాలనూ తిట్టేసింది, పాపం.

తెలుగు కూడా పడుతుందని తెలిశాక, ముందుగా తన పేరు కొట్టింది. ఒంటి వేలితో "శివపార్వతి" అని రాయటానికి పదకొండు నిమిషాలు పట్టింది. రాశాక కాసేపు దాన్ని అలాగే చూస్తూ కూర్చుంది. పక్కన అన్నం చల్లారిపోయినా ఆమెకు పట్టలేదు.

"ఇంతకీ ఈ లినక్సు ఎవరిది నాయనా? ఎవరికి డబ్బు కట్టాలి?" అని ఒకసారి అడిగింది.

"ఎవరికీ కట్టక్కర్లేదమ్మా. వేలమంది తలా కొంచెం రాశారు. ఎట్టా రాశారో అందరికీ కనబడేట్టు పెట్టారు. మీకు నచ్చనిది ఉంటే మార్చుకోవచ్చు కూడా."

"నేనా?"

"మీరే."

ఆ మాట ఆమెకు ఆ పూటంతా చెవిలో తిరుగుతూనే ఉంది. ఇరవై ఆరేళ్లలో షెడ్డులో కుర్చీ ఇటునుంచి అటు జరపాలన్నా ఒకరిని అడగాల్సి వచ్చింది మరి.

ధైర్యం వచ్చాక ఆగుతుందా మనిషి? తొమ్మిదో రోజున ఆమె కన్ను లాప్‌టాప్ లోపలి గంపల మీద పడింది. ఎల్లెస్ కొట్టిన చోటల్లా వందల పేర్లు. పలకటానికి నోరు తిరగనివి, ఎవరూ ఎన్నడూ ముట్టుకోనివి. రాశిలో పనికిరానిది కనబడితే ఆమెకు చేతులు ఊరుకోవు. అడిగితే వద్దంటారేమోనని ఎవరినీ అడగలేదు. లోపలివాటిని మార్చనిచ్చే పెద్ద పాస్‌వర్డు కొట్టి, బూట్ అనే గంపలో ఉన్నవన్నీ ఆరెం కొట్టి పారేసింది. ఆ పక్కన ఇంకో రెండు గంపలు కూడా దులిపేసింది. పని అయ్యాక నేల ఊడ్చినంత హాయిగా అనిపించింది. లాప్‌టాప్ మూసి వెళ్లిపోయింది.

మర్నాడు మీట నొక్కితే నల్లతెర. దాని మీద ఒక్క వరస. ఎంతకీ తెల్లారని తెర.

కోటేష్ షెడ్డంతా తిరిగి మరీ చెప్పాడు. "మా పిన్ని లాప్‌టాప్‌ని గ్రేడింగు చేసింది!" తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. ఎవర్నీ అనటానికి లేదు, నవ్వొచ్చే సంగతే. ముదస్సిర్ ఫోనులో విని, "ఇంజను పారేసి బండి శుభ్రం చేశానంటే ఎట్టమ్మా!" అన్నాడు. అతనూ నవ్వాడు. శివపార్వతికి మాత్రం నవ్వు రాలేదు. అవమానంతో ఒళ్లు మండింది, ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియలేదు. వెళ్లి తాలు కుప్ప పక్కన కూలబడింది.

తాలును ఏ షెడ్డులోనూ పారెయ్యరు. దాన్ని కొనేవాళ్లు వేరే ఉంటారు. అందుకే ఏరిన తాలును పక్కన రాశిగా పోస్తారు. సాయంత్రం పని దిగేముందు మేస్త్రి ఆ రాశిని మరోసారి కెలికి చూస్తుంది, మంచికాయ ఏదైనా అందులో పడిందేమోనని. ఆ పని ఒక్కరోజు కూడా తప్పకుండా చేసిన మనిషి ఆమె.

"జానీబీ" అంది, దగ్గరికొచ్చి కూర్చున్న స్నేహితురాలితో. "ఇన్నేళ్లలో ఒక్క తాలుకాయ పారెయ్యలేదే నేను. ఆ పెట్టెలో మాత్రం చూసీ చూడకుండా ఎందుకు పారేశానంటావు?"

జానీబీ చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇది నీ షెడ్డు అనుకున్నావు. అది వాళ్లది అనుకున్నావు. అందుకే."

శివపార్వతి ఆమె వైపు తిరిగి చూసింది. ఇరవై ఆరేళ్లుగా తను తప్పు పడుతూ వచ్చిన మనిషి ఇవాళ తన తప్పును వేలు పెట్టి చూపించింది.

ఆ సాయంత్రం లెక్కల పుస్తకం తెరిచి ఆరెం అన్న వరసను అడ్డంగా కొట్టేసింది. దాని పైన పెద్ద అక్షరాలతో రాసుకుంది: "ముందు పక్కన పోసిపెట్టు. మళ్లీ కెలికి చూడు."

ముదస్సిర్ వచ్చినప్పుడు లాప్‌టాప్ బాగుచేసి ఇవ్వలేదు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇందులో లినక్సు ఉంది. మీరే ఎక్కించండి, నేను టీ తాగొస్తా." అరగంటలో తెర మీద మళ్లీ వెలుగొచ్చింది. తను చంపినదాన్ని తనే బతికించుకుంది. ఇక దాన్ని చూస్తే భయం పోయింది. ఎవరైనా నవ్వితే నవ్వనీ అనిపించింది. మిగిలిన పదిరోజులూ ఒక్క పూట మానలేదు. జానీబీ కూతురి పెళ్లి వీడియో ఎక్కించబోతే, సగంలో ఆగిపోయి తెర మీద ఒక ఇంగ్లీషు వరస పడింది. దాన్ని అక్షరం అక్షరం పుస్తకంలోకి దింపుకుని, ముదస్సిర్‌ని అడిగి పక్కన "చోటు లేదు" అని రాసుకుంది. డీయెఫ్ కొడితే ఏ గంప ఎంత నిండిందో తెలుస్తుందని కూడా రాసుకుంది.

ఇరవయ్యో రోజు వచ్చింది.

ఆ రోజు బెల్టు ఎక్కింది దర్శి వైపు నుంచి వచ్చిన బాడిగ అనే మిరప రకం. అప్పటిదాకా మిషను చూసిందంతా తేజ అనే రకమే. సాయంత్రం నాలుగింటికి లారీ చెన్నై రేవుకు బయల్దేరాలి. పదకొండింటికి బెల్టు ఆగిపోయింది.

కోటేష్ ఆపి మళ్లీ వేశాడు. నిమిషం తిరిగి ఆగింది. మళ్లీ వేశాడు. మళ్లీ ఆగింది. ముదస్సిర్‌కి ఫోను చేస్తే మోగుతోంది కానీ ఎత్తటం లేదు. వాళ్లింట్లో ఆ రోజు నిఖా. త్రినాథ్ గడియారం వైపు, లారీ వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. లారీ డ్రైవరు అప్పటికే చక్రం పక్కన తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు.

శివపార్వతి లెక్కల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి నిలబడింది. "బాబూ, ఇరవయ్యో రోజు ఇవాళే."

త్రినాథ్ ఆమెను చూశాడు, కోటేష్‌ని చూశాడు. "కూర్చో అక్కా" అన్నాడు.

ఆమె నల్లతెర తెరిచి, మిషను తన బాధ చెప్పుకునే ఫైలు తీసింది. వందల వరసలు బెల్టు మీద కాయల్లా పైకి జారిపోతున్నాయి. కోటేష్‌కి అది ఇంగ్లీషు. ఆమెకది రాశి. అన్నీ ఒకలాగే ఉన్నాయి, ఒకలాగే ఉన్నాయి, ఒకలాగే ఉన్నాయి.

"అదుగో" అంది. వాచిన వేలు తెర మీద ఒక వరస దగ్గర ఆగింది. పుస్తకం తెరిచి పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చుకుంది. "చోటు లేదంటోంది." డీయెఫ్ కొట్టింది. నూటికి నూరు.

మిషను తాలని తోసేసిన ప్రతి కాయకూ ఒక ఫోటో తీసి దాచుకుంటుంది. ఆ ఫోటోలతో గంప నిండిపోయింది.

"ఓస్, ఇంతేనా!" కోటేష్ ముందుకు వంగాడు. "ఆ ఫోటోలన్నీ డిలీట్ కొడితే పోద్ది." చెయ్యి కీబోర్డు దాకా వచ్చింది.

"చెయ్యి తియ్!"

అది మేస్త్రి గొంతు. షెడ్డు అవతలి కొసన తొడిమలు తీస్తున్న పన్నెండు జతల చేతులు ఆగిపోయాయి. కోటేష్ చెయ్యి సరేసరి.

"తాలు పారెయ్యరు కోటేశూ. పక్కన పోస్తారు" అంది, గొంతు తగ్గించి. "పంతొమ్మిది రోజుల్లో నిండని గంప ఇవాళ పొద్దుటి నుంచి పదకొండులోపల నిండింది. ఇంత తాలు ఏ రాశిలో ఉందిరా? నేనెప్పుడూ చూళ్లేదు."

తన పెన్‌డ్రైవ్ గుచ్చింది. ఆ పూట ఫోటోలన్నీ ఎంవీతో దానిలోకి పొయ్యటం మొదలుపెట్టింది. పదిహేడు నిమిషాలు పట్టింది. ఆ పదిహేడు నిమిషాల్లో త్రినాథ్ షెడ్డు గుమ్మం దాకా ఎనిమిదిసార్లు నడిచాడు. "పారేస్తే ఒక్క క్షణం పనేగా అక్కా" అని ఒకసారి అన్నాడు కూడా. ఆమె తెర మీంచి కన్ను తిప్పలేదు. ఇది తప్పయితే రేపు పొద్దున తను వెళ్లటానికి చోటు లేదు.

ఫోటోలు తెరిచింది. చూసింది. కుర్చీలోంచి లేచి కేక పెట్టింది. "జానీబీ! అందర్నీ తీసుకుని ఇట్రా!"

పన్నెండుమందీ తెర చుట్టూ మూగారు.

"ఇయ్యి తాలేనా చెప్పండి."

"తాలేందే నీ మొహం!" అంది జానీబీ. "నికార్సైన బాడిగ కాయ. ఆ రకం ముడతలే, నలుపే."

"మిషనుకి ఆ ముక్క తెలీదు. దానికి తేజ ఒక్కటే తెలుసు. నున్నగా, ఎర్రగా లేనిదల్లా తాలనుకుంటోంది."

త్రినాథ్ గబగబా తాలు కుప్ప దగ్గరికి పోయి రెండు చేతులతో తీసి చూశాడు. సగానికి సగం మంచికాయ. అతని మొహం పాలిపోయింది. ఆ ఫోటోలు తుడిచేసి బెల్టు తిప్పి ఉంటే సాయంత్రానికి సగం సరుకు తాలు కిందే పోయేది. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకుండా అతనికే తెలిసింది.

మిషనుకు చెప్పే అంకెలన్నీ ఒక ఫైలులో ఉంటాయి. ముదస్సిర్ ప్రతి అంకె పక్కనా తెలుగులో ఒక ముక్క రాసిపెట్టాడు, ఎవరైనా చదువుకుంటారని. దాన్ని ముట్టుకోవాలంటే పెద్ద పాస్‌వర్డు కావాలి. త్రినాథ్ వంగి ఆమె చెవిలో చెప్పాడు. ఆమె ఒంటి వేలితో కొట్టటం మొదలుపెట్టింది.

"పడట్లా పిన్నీ" అన్నాడు కోటేష్, తెర చూస్తూ.

"పడుద్ది. కనబడదంతే."

తలుపు తెరుచుకుంది. ముందుగా ఆ ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టుకుంది. తర్వాత "నలుపు హద్దు" అన్నచోట నలభైని యాభై ఐదు చేసింది. లేచి వెళ్లి తన చేత్తో పది మంచికాయలు, పది తాలుకాయలు ఏరి తెచ్చింది. బెల్టు మీద పోయించింది. మంచివి నాలుగు గాలికి ఎగిరాయి. అరవై ఐదు చేసింది. మంచివన్నీ నిలబడ్డాయి కానీ తాలు రెండు కలిసిపోయాయి. ఊపిరి పీల్చుకుని అరవై చేసింది.

ఇటు పది. అటు పది.

మొదట అరిచింది జానీబీ. ఆ తర్వాత ఎవరు అరిచారో చెప్పటం కష్టం, అందరూ అరిచారు. నిద్రలేచిన లారీ డ్రైవరు ఏమైందో తెలియకపోయినా తనూ ఒక ఈల వేశాడు. బెల్టు తిరిగింది. తాలు కుప్ప మొత్తం తిరిగి బెల్టు ఎక్కింది. మళ్లీ సాయంత్రం దాకా ఆగలేదు. శివపార్వతికి కళ్లు చెమర్చాయి. మిరప షెడ్డులో కళ్లు తుడుచుకుంటే ఎవరూ కారణం అడగరు కనక హాయిగా తుడుచుకుంది.

టిక్కీలు కుడుతుండగా చీటీల ప్రింటరు కదిలింది. మొదటి చీటీ బయటికి వచ్చింది. రకం, తేదీ, కింద "మెషిన్ గ్రేడింగు". మిషను వచ్చిన రోజు నుంచీ అలాగే వస్తోంది. శివపార్వతి ఆ చీటీని చేతిలోకి తీసుకుని చూసింది. ప్రింటరు ఆపింది.

"మళ్లీ ఏమైంది అక్కా?" అన్నాడు త్రినాథ్ కంగారుగా.

"నచ్చనిది మార్చుకోవచ్చంట బాబూ. ముదస్సిర్ చెప్పాడు."

చీటీ ఫైలు తెరిచింది. ఒంటి వేలితో, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ఈసారి పదకొండు నిమిషాలు పట్టలేదు. త్రినాథ్ ఆమె పక్కనే నిలబడి, అక్షరాలు పడుతుంటే చదివాడు. ఈసారి బెల్టు వైపు చూడలేదు, ఆమె మొహంలోకే చూశాడు. "అట్టాగే ఉండనీ అక్కా. రేపట్నుంచి ఈ కుర్చీ కూడా నీదే" అన్నాడు.

ప్రింటరు మళ్లీ కదిలింది. గ్రేడింగు: శివపార్వతి ముఠా. గ్రేడింగు: శివపార్వతి ముఠా. నూట ఎనభై చీటీలు.

కోటేష్ కాసేపు అటూ ఇటూ తచ్చాడి, దగ్గరికొచ్చి మెల్లిగా అడిగాడు. "పిన్నీ, రేపు ఒంటిగంటకి నన్నూ రమ్మంటావా?"

"రా. రాసుకోటానికి పుస్తకం తెచ్చుకో."

లారీ నాలుగింటికి కాదు, ఆరుకు ఇరవై నిమిషాలుండగా బయల్దేరటానికి సిద్ధమైంది. ముఠా అంతా టిక్కీలకు చీటీలు కడుతోంది. శివపార్వతి తన కుర్చీలో వెనక్కి వాలి, ఉన్నచోటి నుంచే ఒకసారి వరసంతా చూసింది.

"జానీబీ" అని కేకేసింది. "నీ మోకాలి దగ్గర. చీటీ తిరగబడింది, పేరు కనబడట్లా."

జానీబీ వంగి చూసింది. తిరగబడే ఉంది.